పెద్దాయన బొచ్చు రాలిన ఎండాకాలం

ఆ ఎండాకాలం నేను పగబట్టాను. మా అత్తగారి మీద. పిల్లి మీద నాకే కోపమూ లేదు, అది మధ్యలో ఇరుక్కుంది.

ఆ పిల్లిని మా ఇంట్లో అందరూ పెద్దాయన అంటారు. మామగారు పోయిన కొత్తల్లో ఎక్కడినుంచో వచ్చి, తిన్నగా ఆయన వాలుకుర్చీ ఎక్కి పడుకుందట. అత్తగారు దాన్ని దింపలేదు. గోధుమరంగు ఒళ్లు, మెడ చుట్టూ మఫ్లరు చుట్టుకున్నట్టు దట్టమైన బొచ్చు, ఎవరినీ ఖాతరు చెయ్యని చూపు. "పెద్దాయన తిన్నాడా", "పెద్దాయన పడుకున్నాడు, మెల్లిగా మాట్లాడండి" అంటూ ఆవిడ ఇంట్లో తిరుగుతుంటే, మా ఆయనకీ అదే అలవాటైంది. నేను పైకి పెద్దాయన అనే అనేదాన్ని. మనసులో మాత్రం 'అది' అనుకునేదాన్ని.

నేను బేకరీలో పనిచేస్తాను. ముందు గదిలో అమ్మే పని కాదు, వెనక పిండి కలిపే పని. అక్కడ జుట్టుకి వల టోపీ, దాని మీద గుడ్డ టోపీ లేకుండా ఎవర్నీ గడప దాటనివ్వరు. ఎప్పుడైనా పిండిలో వెంట్రుక కనిపిస్తే మా సూపర్‌వైజరు అరవడు. దాన్ని తీసి తెల్లకాగితం మీద పెట్టి కిటికీ దగ్గర ఆరబెడతాడు. తడి వెంట్రుక ఎవరిదైనా నల్లగానే కనిపిస్తుందని, ఆరితేగాని అసలు రంగు బయటపడదని అంటాడు. ఆరాక దాన్ని పట్టుకుని మా అందరి తలలతో పోల్చి చూస్తాడు. నేను చేరినప్పటినుంచి ఒక్క వెంట్రుక కూడా నాదని తేలలేదు.

నా జుట్టు నడుం దాటి ఉంటుంది. ఇంటికి రాగానే టోపీ అచ్చు పడిన నుదురు కడుక్కుని, జడ విప్పి, జుట్టంతా వీపు మీదకి వదిలేస్తాను. రోజు మొత్తం మీద నాకు దొరికే సుఖం అదొక్కటే.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మా ఆడపడుచు, వాళ్లాయన భోజనానికి వచ్చారు. ఆవిడ మా ఆయనకి అక్క, నేను వదిన అంటాను, వాళ్లాయన్ని అన్నయ్యగారు అంటాను. అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను. పెద్దాయన వాలుకుర్చీ దిగి, సరిగ్గా గది మధ్యకి వచ్చి నిలబడ్డాడు. మెడ ముందుకి చాచి, పొట్ట ఎగరేస్తూ ఖక్ ఖక్ మని దగ్గడం మొదలుపెట్టాడు. అన్నయ్యగారు నోటిదాకా తీసుకెళ్లిన ముద్దని అక్కడే ఆపేశాడు. వేలెడు పొడుగున, నల్లగా, తడితడిగా ఒక ఉండ నేలమీద పడింది.

"అయ్యో, మళ్లీనా" అంది అత్తగారు.

"ఏమిటమ్మా అది?" అని వదిన ముక్కు మూసుకుంది.

అత్తగారు నావైపు చూసింది. నావైపంటే, నా జుట్టువైపు.

"ఇంకేముంది, దీని జుట్టే. ఇల్లంతా రాలుతుంది. ఆయనేమో నేలమీద తిరిగేవాడు, నోట్లోకి పోతుంది. ఎన్నిసార్లని చెప్పను?"

ఆవిడ అంతకుముందు ఒక్కసారైనా చెప్పి ఉంటే నేను ఇవాళ ఈ కథ చెప్పేదాన్ని కాదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అంత జుట్టుంటే రాలదా మరి" అని వదిన నవ్వింది. "ఇంట్లో కూడా ఆ టోపీ ఏదో పెట్టేసుకుంటే పోలా."

నేను మా ఆయనవైపు చూశాను. ఆయనకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఊళ్లో అందరి చూపూ సరిచేసే మనిషి ఆ పూట కంచంలోంచి తల ఎత్తలేదు. కాసేపటికి ఎత్తి, "పోనీ కొన్నాళ్లు గుడ్డ కట్టుకోరాదూ. పోయేదేముంది?" అన్నాడు.

ఆ ఉండని ఎత్తి, నేల తుడిచింది కూడా నేనే.

ఎత్తాను కానీ పారెయ్యలేదు. బేకరీలో అలవాటైన పనే చేశాను. తెల్లకాగితంలో పెట్టి వంటింటి కిటికీలో ఎండ తగిలేచోట ఉంచాను. సాయంత్రానికి అది ఎండిపోయి, నలుపంతా పోయి, చక్కగా గోధుమరంగుకి తిరిగింది. గోటితో విప్పి చూశాను. వేలి కణుపంత పొడుగున మెత్తటి బొచ్చు, అంతా ఒకే రకం. నా వెంట్రుక ఒక్కటి లేదు.

మా ఆయనకి చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటిమీదకి నెట్టి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"పిల్లి బొచ్చులాగే ఉందే."

"లాగే ఏమిటి, బొచ్చే. మీ అమ్మగారికి చెప్పండి."

"ఇప్పుడా? అక్కావాళ్లు వెళ్లిపోయారు కదా. అయిపోయినదాన్ని మళ్లీ కెలకడం ఎందుకు?"

నేనే తీసుకెళ్లి అత్తగారి ముందు పెట్టాను. ఆవిడ దానివైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. "ఛీ ఛీ, ఆ దరిద్రాన్ని వంటింట్లో దాచావా?" అని కాగితంతో సహా చెత్తబుట్టలో పడేసి చేతులు కడుక్కుంది.

అప్పుడే తేల్చేసుకున్నాను. ఆవిడ నన్ను అన్నది నలుగురి ముందు. తప్పైపోయిందని ఒప్పుకునేది కూడా ఆ నలుగురి ముందే. ఎండలు తగ్గేలోపు మళ్లీ వస్తామని వదిన చెప్పి వెళ్లింది. సరే, రానీ. అప్పటిదాకా నోరు మెదపకూడదనుకున్నాను. మర్నాడు బేకరీనుంచి వస్తూనే టోపీ తీసి, దాని బదులు ఒక పాత నీలం గుడ్డ తలకి బిగించి కట్టుకున్నాను. జుట్టు లోపల ఉడికిపోయేది. దానికింద నేనూ ఉడికిపోయేదాన్ని.

బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే ఆవిడని అందరం పొయ్యి పిన్ని అంటాం. ఆవిడ ఇంటినిండా పిల్లులే. జరిగింది విని ఆవిడ ట్రే కింద పెట్టింది.

"దాని నాలుక ఎప్పుడైనా నీ చేతికి తగిలిందా? ఆకురాయిలా గరగర్లాడుతుంది. అన్నీ బుల్లి బుల్లి ముళ్లు, అన్నీ గొంతువైపు తిరిగి ఉంటాయి. ఒళ్లు నాక్కున్నప్పుడు ఊడిన బొచ్చు వాటికి చిక్కుకుంటుంది. ఉమ్మెయ్యడానికి కుదరదు, మింగాల్సిందే. కొంత కిందనుంచి పోతుంది, మిగిలింది కక్కేస్తుంది. ఎండాకాలం బొచ్చు విడుస్తాయి కాబట్టి ఇంకా ఎక్కువ."

"మా అత్తగారు నా జుట్టంటోంది."

"మీ అత్తగారు దాన్ని దువ్వుతుందా?"

"పెద్దాయన ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదు. ఆయన శుభ్రం ఆయనే చూసుకుంటాడట."

పిన్ని కడుపు పట్టుకుని నవ్వింది. "ఒక్కసారి దువ్వి చూడు. ఎంత వస్తుందో నీకే తెలుస్తుంది."

ఎంత వస్తుందో. ఆ మాట నా బుర్రలో అతుక్కుపోయింది.

అత్తగారు రోజూ సాయంత్రం పక్కింటావిడతో పార్కుకి నడకకి వెళ్తుంది. ఆవిడ మెట్లు దిగిన చప్పుడు ఆగగానే నేను వాలుకుర్చీ ముందు పీట వేసుకుని కూర్చునేదాన్ని. మొదట్లో పెద్దాయన నా చెయ్యి గీరిపెట్టాడు. తడి చేత్తో నిమిరితే ఊరుకుంటాయని పిన్ని చెప్పింది. అలాగే చేశాను. అరచేతికి బొచ్చు పొరలు పొరలుగా అంటుకు వచ్చింది. తర్వాత వెడల్పు పళ్ల దువ్వెన, ఆ తర్వాత సన్నపళ్లది. వీపు, పక్కలు, తొడల వెనక, చివరికి మెడకింద. మెడకింద దువ్వేసరికి ఆయనగారు కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తి ఇచ్చాడు.

కుదురుగా నిలబడడానికని పిన్ని చెప్పినట్టే చిన్న డబ్బాలో గోధుమలు మొలకెత్తించి ఆ పచ్చగడ్డి ముందు పెట్టేదాన్ని. నీళ్ల గిన్నె తిండి గిన్నెకి దూరంగా జరిపితే ఎక్కువ తాగుతాయంటే అదీ జరిపాను. ప్రేమతో కాదు. వచ్చిన బొచ్చంతా ఒక బిస్కెట్ల డబ్బాలో కూరేదాన్ని. అదిమిన కొద్దీ ఇంకా పట్టేది. వదినవాళ్లు వచ్చి కూర్చున్నాక, ఆ డబ్బా తెచ్చి బల్లమీద, కంచాల మధ్య బోర్లించాలి. "ఇది ఎవరి జుట్టో కాస్త చెప్పండి అత్తయ్యా" అనాలి. పిండి పిసుకుతూ ఆ మాట రకరకాలుగా అనుకునేదాన్ని, ఒకసారి మెత్తగా, ఒకసారి కటువుగా. మెత్తగా అంటేనే ఎక్కువ తగులుతుందని తేల్చాను.

డబ్బా నిండింది. ఒక సాయంత్రం నేను వంటింట్లో ఉండగా అత్తగారు ముందుగదిలో వదినతో ఫోన్లో మాట్లాడుతోంది.

"పెద్దాయనా? నిక్షేపంలా ఉన్నాడు. ఈమధ్య ఒక్కసారి కక్కితే ఒట్టు. దీనికి గుడ్డ కట్టించానా, ఆ దెబ్బతో ఆగిపోయింది. నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను కదా, జుట్టే అని. ఆ, కట్టుకోక ఏం చేస్తుంది. వస్తావుగా, నువ్వే చూద్దువుగాని."

నిజమే, పెద్దాయన కక్కడం మానేశాడు. ఎందుకు కక్కుతాడు, మింగాల్సిన బొచ్చంతా నా డబ్బాలో ఉంటే? సాక్ష్యం పోగుచేసే హడావిడిలో నేరమే జరక్కుండా చేసేశాను. ఇప్పుడు డబ్బా బోర్లిస్తే ఏమవుతుంది? "అయితే? పిల్లికి బొచ్చు ఉంటుంది, రాలుతుంది. కక్కడం ఆగింది మాత్రం నీ గుడ్డవల్లే" అంటుంది ఆవిడ. నా చేత్తో నేనే ఆవిడని గెలిపించాను.

పగ ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా సరిగ్గా తెలీదని ఆ సాయంత్రం తెలిసింది. పెద్దాయన మళ్లీ కక్కాలి. నా తలమీద గుడ్డ ఉండగానే కక్కాలి, అదీ వదినవాళ్ల ముందు. దువ్వెన తీసి డబ్బాలో పెట్టి, డబ్బా అల్మరా పైకి తోసేశాను.

మర్నాడు అత్తగారు నడకకి వెళ్లగానే పెద్దాయన వాలుకుర్చీ దిగి నా పీట దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. గడ్డం పైకెత్తాడు. నేను బట్టలు మడతపెడుతూ చూడనట్టు ఉండిపోయాను. అలా కొన్ని రోజులు వచ్చాడు. తర్వాత రావడం మానేసి, కుర్చీలోనే కూర్చుని తనని తను నాక్కోవడంలో పడిపోయాడు.

పొయ్యి పిన్నికి చెప్తే మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ మొహం మాడ్చుకుంది.

"నీ గొడవ మీ అత్తతో. దాంతో ఎందుకు పెట్టుకుంటావు?"

"దానికేం కాదు పిన్నీ. ఒకటి రెండుసార్లు కక్కుతుంది, అంతేగా."

"కక్కితే బాగానే ఉంటుంది. కక్కకపోతేనే భయం" అని పిన్ని పొయ్యివైపు తిరిగిపోయింది.

పెద్దాయన కక్కలేదు. వదినవాళ్లు ఆదివారం వస్తున్నామని కబురు చేశారు. నేను రోజూ ఇంటికి రాగానే నేలంతా వెతికేదాన్ని, ఎక్కడైనా నల్లటి ఉండ పడి ఉందేమోనని. ఏమీ లేదు. ఒక పూట తిండి గిన్నె అలాగే నిండుగా ఉంది. మర్నాడూ అంతే. ఆయన కుర్చీలో కాళ్లు కిందకి ముడుచుకుని, వీపు గూనిలా పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యమధ్య మెడ చాచి ఖక్ ఖక్ మంటాడు, ఏమీ రాదు, మళ్లీ ముడుచుకుపోతాడు.

నేను బేకరీనుంచి వచ్చేసరికి అత్తగారు వాలుకుర్చీ ముందు నేలమీద కూర్చుని ఉంది. ఆవిడ నేలమీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు, మోకాళ్ల నొప్పులు. వేళ్లు నీళ్లలో ముంచి పిల్లి మూతికి రాస్తోంది.

"ఒక్క గుక్క తాగవయ్యా" అంటోంది. తర్వాత నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు, "ఆయన కూడా చివర్లో ఇలాగే తినడం మానేశాడు" అంది.

నాకు భయం వేసింది. గెలవాలని ఉంది నాకు, కానీ ఇలా కాదు. రొట్టెలు తెచ్చుకునే మూతబుట్ట తీసి అడుగున తువ్వాలు పరిచాను.

"లేవండి అత్తయ్యా, డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాను.

పశువుల డాక్టరు చిన్నవయసు మనిషి, తక్కువ మాట్లాడుతుంది. పెద్దాయన పొట్టని రెండు చేతులతో మెల్లిగా నొక్కుతూ ఒకచోట ఆగింది.

"పేగులో గడ్డకట్టింది. బొచ్చు. ముందు మందుతో జారుతుందేమో చూద్దాం. జారకపోతే కొయ్యాలి" అంది. "దీన్ని దువ్వేది ఎవరు?"

"దువ్వడం ఏమిటమ్మా, ఎవర్నీ ముట్టుకోనివ్వడు" అంది అత్తగారు. "మా కోడలి జుట్టు రాలి..."

"మనిషి జుట్టు కాదండీ ఇది. దీని బొచ్చే, నాక్కుని మింగింది."

"అలా ఎలా అవుతుంది? మధ్యలో బాగానే ఉన్నాడు. చాన్నాళ్లు ఒక్కసారి కూడా కక్కలేదు. దీనికి గుడ్డ కట్టించాక."

డాక్టరు నా తలగుడ్డవైపు అర్థంకానట్టు చూసింది. పిల్లి మెడకింద బొచ్చు వేళ్లతో పాయలు తీసింది. "ఇక్కడ పాత చిక్కులు లేవు, అన్నీ ఈమధ్య పడినవే. ఎవరో శ్రద్ధగా దువ్వుతూ ఉన్నారు. తర్వాత మానేశారు" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

అత్తగారు మెల్లిగా నావైపు తిరిగింది. ఈసారి జుట్టువైపు కాదు, మొహంలోకి చూసింది. నేను కోరుకున్నది అదే. ఆవిడ తప్పని ఆవిడకి తెలియాలని. తెలిసింది. దాంతోపాటు నేనేం చేశానో కూడా తెలిసింది.

మమ్మల్ని బయట బల్లమీద కూర్చోమన్నారు. గోడమీద కుక్కపిల్లల క్యాలెండరు ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

"ఎప్పుడు మానేశావు?" అంది అత్తగారు.

"మీరు వదినకి ఫోన్లో చెప్పిన రోజు."

ఏం చెప్పిందో ఆవిడకి గుర్తుచెయ్యక్కర్లేదు.

"ఆయనకేదైనా అయితే?"

"తెలీదు" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు.

ఆవిడ క్యాలెండరు మీంచి చూపు తిప్పకుండానే, "ఆ గుడ్డ తీసెయ్యి" అంది.

అప్పటికైనా నేను మెత్తబడి ఉండాల్సింది. మెత్తబడలేదు. ఎండాకాలమంతా తలలో చెమటతో మోసిన కసి, డాక్టరు గది బయట బల్లమీద వదిలిపెట్టి రాలేను.

"తియ్యను. ఆదివారం వదినవాళ్లు వస్తారు. కట్టించింది వాళ్ల ముందు. వాళ్ల ముందే మీరు తియ్యండి."

బాగా పొద్దుపోయేదాకా అక్కడే కూర్చున్నాం. లోపలినుంచి డాక్టరు తలుపు తీసి, జారింది, ఇక కొయ్యక్కర్లేదు అంది. అత్తగారు లేవబోయి మోకాళ్లు పట్టేసి మళ్లీ కూలబడింది. నేను చెయ్యి ఇచ్చాను. పట్టుకుంది, కానీ నావైపు చూడలేదు.

ఆదివారం వదినవాళ్లు వచ్చారు. మళ్లీ అదే బల్ల, అవే కుర్చీలు. పెద్దాయన కొంచెం చిక్కి, వాలుకుర్చీలో పడుకుని ఉన్నాడు. నేను నీలం గుడ్డతోనే వడ్డిస్తున్నాను.

"ఇంకా కట్టుకునే ఉన్నావా? అమ్మ మాటంటే అంత భయమా?" అంది వదిన.

అత్తగారు తింటున్న చెయ్యి కడుక్కుని వచ్చి నా వెనక నిలబడింది. ముడి విప్పడం మొదలుపెట్టింది. నేను బిగించి కట్టాను, చాలాసేపు పట్టింది. నేను సాయం చెయ్యలేదు. మా ఆయన, వదిన, అన్నయ్యగారు తినడం ఆపి చూస్తున్నారు. గుడ్డ ఊడి, జుట్టు వీపుమీద పడింది.

"ఆ రోజు పడింది దీని జుట్టు కాదు" అంది అత్తగారు. "పెద్దాయన బొచ్చే. తెలీక నలుగురిలో దీన్ని అన్నాను. నాదే తప్పు. డాక్టరమ్మ చెప్పింది, ఎండాకాలం రోజూ దువ్వాలట."

మా ఆయన కంచంలోకి చూడబోయి, ఎందుకో మానేసి, నావైపు చూశాడు. ఆ చూపుకోసం నేను ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

"మరి మధ్యలో తగ్గిందన్నావు?" అంది వదిన.

"ఇదే దువ్వింది, నాకు చెప్పకుండా."

"దువ్వితే మళ్లీ ఎందుకు జబ్బు చేసింది?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఇక ఆవిడ వంతు. ఒక్క మాట చాలు, ఆ గుడ్డ తెచ్చి నా నెత్తిన మళ్లీ కట్టినట్టే. అత్తగారు గుడ్డని నాలుగు మడతలు పెట్టి కుర్చీమీద వేసింది. నావైపు నింపాదిగా చూసింది.

"ఎండలు" అంది. "ఈ ఏడు బొచ్చు మరీ రాలింది." తర్వాత నాతో, "అన్నయ్యగారికి కూర వెయ్యమ్మా" అంది.

కూర వేశాను. డబ్బా అల్మరా మీదే ఉండిపోయింది.

నేను కోరిందంతా జరిగింది. నలుగురి ముందే జరిగింది, నేను అడిగినదానికంటే ఎక్కువే జరిగింది. ఇప్పుడు సాయంత్రాలు అత్తగారు నడకకి వెళ్లదు. తను కొన్న కొత్త దువ్వెన తెచ్చి వాలుకుర్చీ చేతిమీద పెట్టి, "అమ్మాయీ, పెద్దాయన సిద్ధంగా ఉన్నాడు" అంటుంది. ఎదురుగా కుర్చీ వేసుకుని నేను దువ్వినంతసేపూ చూస్తూ కూర్చుంటుంది. నా జుట్టు విరబోసుకునే ఉంటాను, దాని గురించి ఆవిడ ఎప్పుడూ ఏమీ అనదు. ఇద్దరికీ మాటామాటా వచ్చి నేను గొంతు పెంచినప్పుడు మాత్రం, ఆవిడ బదులు చెప్పడం ఆపి, మెల్లిగా పిల్లివైపు చూస్తుంది. నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

దువ్వడం ఎప్పుడు మానేశానో డాక్టరు గది బయట నేను చెప్పిన మాట ఆవిడ ఇంతవరకు తన కొడుక్కి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. చెప్పేస్తే దెబ్బలాడి తేల్చుకునేదాన్ని. అది ఆవిడకి బాగా తెలుసు.